మెరుపు వినిపించని రేడియో

దసరా సెలవుల్లో మేం ఆరుగురం వికారాబాద్ దగ్గరున్న కోట్‌పల్లి ప్రాజెక్టుకి కయాకింగ్‌కి వెళ్లాం. రాత్రికి అక్కడే టెంట్లు వేసుకుని ఉండాలని ప్లాన్. ముందు రోజు తాండూరులో మా తాత ఇంట్లో ఆగాను. బయల్దేరేటప్పుడు తాత తన పాకెట్ రేడియో తెచ్చి నా చేతిలో పెట్టాడు. అరచేతిలో పడుతుంది. రెండు పెన్సిల్ సెల్స్ వేస్తే రోజుల తరబడి పాడుతుంది. ఫోన్ ఉండగా ఇదెందుకు తాతా అంటే, నీళ్ల మధ్య సిగ్నల్ ఉంటదో ఉండదో, ఛార్జింగ్ అయితే ఉండదు కదా అన్నాడు.

ఇంకో మాట కూడా చెప్పాడు. పాటలు ఎఫ్ఎంలోనే విను కానీ మధ్యమధ్యలో మీడియం వేవ్‌కి మార్చి, స్టేషన్ లేని చోట ముల్లు పెట్టి చూడు. గరగర మధ్యలో టప్ టప్ అని ఏదో పగులుతున్నట్టు చప్పుడొచ్చి, అది ఎక్కువవుతూ ఉంటే ఒడ్డుకి వచ్చెయ్ అన్నాడు. పొలంలో ఉన్నప్పుడు ఆయన అలాగే చేసేవాడట. నేను సరే సరే అని రేడియోని జిప్ కవర్లో పెట్టి బ్యాగులో వేసుకున్నాను. నిజం చెప్పాలంటే సగం కూడా వినలేదు.

కోట్‌పల్లిలో మాకు దొరికినవి ఇద్దరిద్దరు కూర్చునే కయాక్‌లు. ఎవరు ఎవరితో అని చీటీలేస్తే, మూడు నెలలుగా నేను మాట్లాడని మనిషే నాకు పడ్డాడు. మా మినీ ప్రాజెక్టులో ముఖ్యమైన కోడ్ నేను రాశాను. వాడు దాన్ని ఒక పోటీలో తన పేరు మొదట పెట్టుకుని చూపించి ప్రైజ్ తెచ్చాడు. ఆ రాత్రే నేను రెపోలోంచి వాడి పేరు తీసేశాను. అంతే, అప్పటి నుంచి మాటల్లేవు. ఇప్పుడు వాడు ముందు సీట్లో, నేను వెనక సీట్లో. మా ఇద్దరి మధ్య మాట్లాడుతున్నది లైఫ్ జాకెట్‌కి కట్టిన తాత రేడియో ఒక్కటే.

ఎఫ్ఎం అద్భుతంగా వచ్చింది. చుట్టూ నీళ్లు, దూరంగా గుట్టలు, పాట మాత్రం పక్కనే ఎవరో పాడుతున్నట్టు ఉంది. సాయంత్రం నాలుగు దాటాక తాత మాట గుర్తొచ్చి ఊరికే మీడియం వేవ్‌కి మార్చాను. టప్. కాసేపటికి మళ్లీ టప్ టప్. ఆకాశం మా తల మీద నీలంగానే ఉంది, పడమట మాత్రం కొంచెం నల్లగా ఉంది. పది నిమిషాల్లో ఆ చప్పుళ్లు లెక్కపెట్టలేనంత అయ్యాయి. మళ్లీ ఎఫ్ఎంకి మారిస్తే పాట అంతే హాయిగా, ఏమీ జరగనట్టు వస్తోంది. అప్పుడు నాకు భయమేసింది. మూడు నెలల్లో మొదటిసారి వాడితో మాట్లాడాను. వెనక్కి తిప్పు, ఒడ్డుకి పోదాం అన్నాను. వాడు ఎందుకని కూడా అడగలేదు. మిగతా రెండు కయాక్‌లనీ అరిచి పిలుచుకుంటూ వచ్చేశాం. మేం ఒడ్డెక్కిన అరగంటకి మొదలైంది వాన. నీళ్ల మీద మెరుపు పడుతుంటే చూశాను. ఒక ప్లాస్టిక్ పడవలో, చేతిలో తెడ్డు పైకెత్తుకుని, ఆ నీళ్ల మధ్యలో మేం ఉండాల్సిన టైం అది.

టెంట్‌లో తడిసి కూర్చున్నప్పుడు వాడొక ప్రశ్న అడిగాడు. ఒకే రేడియో కదా, మీడియం వేవ్‌లో వినిపించిన మెరుపు ఎఫ్ఎంలో ఎందుకు వినిపించలేదు? నాకు తెలీదు. హాస్టల్‌కి వచ్చాక వెతికితే జవాబు ఒక మనిషి జీవితమంత పొడుగ్గా ఉంది. ఆ మనిషి పేరు ఎడ్విన్ హోవర్డ్ ఆర్మ్‌స్ట్రాంగ్. చంద్రుడి మీదికి వెళ్లిన ఆర్మ్‌స్ట్రాంగ్ కాదు, అంతకుముందు ఆయన.

ఆయన 1890 డిసెంబర్ 18న న్యూయార్క్‌లో పుట్టాడు. తండ్రి ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ అమెరికా శాఖలో పనిచేసేవాడు, తల్లి టీచర్. చిన్నప్పుడే కీళ్ల జ్వరం లాంటి జబ్బు చేసి, భుజం, మూతి అదిరే అలవాటు జీవితాంతం ఉండిపోయింది. దాదాపు రెండేళ్లు బడి మానేసి ఇంట్లోనే చదువుకున్నాడు. తర్వాత కుటుంబం హడ్సన్ నది ఒడ్డున యాంకర్స్ అనే ఊరికి మారింది. తండ్రి తెచ్చిచ్చిన ఒక పుస్తకంలో మార్కోనీ గురించి చదివి, ఇక తన పని రేడియోనే అని ఆ పిల్లాడు తేల్చేసుకున్నాడు. ఇంటి పెరట్లో 125 అడుగుల యాంటెనా స్తంభం తన చేతులతో తనే నిలబెట్టాడు. ఎత్తంటే ఆయనకి భయం లేదు. ఎత్తెక్కడం చివరిదాకా ఆయనకి పిచ్చే.

కొలంబియా యూనివర్సిటీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లో చేరాడు. ఎర్ర మోటార్‌సైకిల్ మీద కాలేజీకి వచ్చేవాడు. అప్పటికి లీ డి ఫారెస్ట్ అనే ఆయన ఆడియాన్ అనే వాక్యూమ్ ట్యూబ్ కనిపెట్టి ఉన్నాడు. అది సిగ్నల్‌ని కొంచెం పెంచుతుంది, కానీ ఎలా పనిచేస్తుందో కనిపెట్టినవాడికే సరిగ్గా అర్థం కాలేదు. ఆర్మ్‌స్ట్రాంగ్ కూర్చుని దాన్ని ఓపిగ్గా కొలిచాడు. 1912లో, అంటే ఇంకా డిగ్రీ కూడా పూర్తికాకముందే, ఒక ఆలోచన వచ్చింది. ట్యూబ్‌లోంచి బయటికొచ్చిన సిగ్నల్‌లో కొంత తీసుకెళ్లి మళ్లీ దాని ఇన్‌పుట్‌కే ఇస్తే?

మన కాలేజ్ ఫెస్ట్‌లో మైకు స్పీకర్ ముందుకి వెళ్తే కీచుమని అరుస్తుంది కదా, అదే సూత్రం. స్పీకర్‌లోంచి వచ్చిన శబ్దం మైకులోకి, మైకులోంచి మళ్లీ స్పీకర్‌లోకి. అరుపు మొదలవడానికి ఒక్క అడుగు ముందు ఆపగలిగితే చిన్న సిగ్నల్ కొన్ని వేల రెట్లు పెరుగుతుంది. ఆ అడుగు దాటితే అదే సర్క్యూట్ తనంతట తాను అలలు పుట్టిస్తుంది, అంటే ట్రాన్స్‌మిటర్ అయిపోతుంది. ఒకే సర్క్యూట్, ఒకే చిన్న లూప్, రెండు పెద్ద ఆవిష్కరణలు. దీన్నే రీజెనరేషన్ అన్నారు. హెడ్‌ఫోన్‌లో బిక్కుబిక్కుమంటూ వినబడే దూరపు స్టేషన్లు ఇప్పుడు గది అంతా వినిపించాయి.

పేటెంట్‌కి డబ్బు కావాలి. తండ్రి ముందు డిగ్రీ పూర్తి చెయ్ అని ఇవ్వనన్నాడు. అప్పుడు మేనమామ సలహా మీద సర్క్యూట్ బొమ్మ గీసి, ఒక నోటరీ దగ్గర తేదీతో ముద్ర వేయించాడు. దానికి అయిన ఖర్చు 25 సెంట్లు. తేదీ 1913 జనవరి 31. మన గిట్ కమిట్ టైమ్‌స్టాంప్ లాంటిది అన్నమాట. ఈ తేదీ కాస్త గుర్తుపెట్టుకోండి. అసలు పేటెంట్ అప్లికేషన్ ఆ ఏడాది అక్టోబర్‌లో వేశాడు, 1914 అక్టోబర్‌లో వచ్చింది. నంబర్ 1113149.

1914 జనవరి చివర్లో న్యూజెర్సీలో బెల్మార్ అనే సముద్రపు ఊళ్లో, మార్కోనీ కంపెనీ షెడ్డులో, గడ్డకట్టే చలిలో ఆయన తన పెట్టె పెట్టి రాత్రంతా విన్నాడు. పక్కన ఆ కంపెనీ యువ ఉద్యోగి డేవిడ్ సార్నాఫ్ కూర్చున్నాడు. అట్లాంటిక్ అవతల ఐర్లాండ్ నుంచీ, ఇటు పసిఫిక్‌లో హొనొలులు నుంచీ సిగ్నల్స్ వినిపించాయి. ఆ ప్రయోగం ముగిసింది జనవరి 31 తెల్లవారుజామున. ఆ ఇద్దరూ స్నేహితులైపోయారు. సార్నాఫ్ తర్వాత ఆర్‌సీఏ అనే పెద్ద రేడియో కంపెనీకి అధిపతి అయ్యాడు. ఆ స్నేహం ఎలా ముగిసిందో చెప్పడానికే మిగతా కథంతా.

మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా దిగాక ఆర్మ్‌స్ట్రాంగ్ సైన్యం సిగ్నల్ కోర్‌లో ఆఫీసర్‌గా పారిస్ వెళ్లాడు. అక్కడ ఇంకో సమస్య. చాలా ఎక్కువ ఫ్రీక్వెన్సీ సిగ్నల్స్‌ని అప్పటి ట్యూబులు పెంచలేవు. 1918లో దానికి ఆయన కనిపెట్టిన దారి నాకు కోడ్‌లా కనిపిస్తుంది. ఏ ఫార్మాట్‌లో ఇన్‌పుట్ వచ్చినా ముందు దాన్ని ఒకే ఫార్మాట్‌కి మార్చు, తర్వాత పనంతా ఆ ఒక్క ఫార్మాట్ మీదే చెయ్.

ఉదాహరణకి హైదరాబాద్ మీడియం వేవ్ స్టేషన్ 738 కిలోహెర్ట్జ్. రేడియో లోపల ఒక చిన్న ఆసిలేటర్ 1193 కిలోహెర్ట్జ్‌తో తిరుగుతుంది. రెండూ కలిస్తే వాటి తేడా 455 కిలోహెర్ట్జ్ పుడుతుంది. మీరు వేరే స్టేషన్‌కి తిప్పితే ఆసిలేటర్ కూడా దాంతో పాటే మారుతుంది, తేడా మాత్రం ఎప్పుడూ 455. రేడియోలో మిగతా భాగమంతా ఆ ఒక్క ఫ్రీక్వెన్సీకే బాగా ట్యూన్ చేసి పెడతారు. దీనిపేరు సూపర్‌హెటరోడైన్. తాత రేడియో లోపల ఉన్నది ఇదే. వందేళ్లు దాటినా రేడియోల్లోనూ, టీవీల్లోనూ, రాడార్లలోనూ ఈ ఆలోచనే నడిచింది.

యుద్ధం అయ్యాక ఆయన మేజర్ ఆర్మ్‌స్ట్రాంగ్‌గా తిరిగొచ్చాడు. పేటెంట్లు అమ్మితే డబ్బొచ్చింది. 1922లో ఇంకో ఆవిష్కరణకి ఆర్‌సీఏ 2 లక్షల డాలర్లతో పాటు 60 వేల షేర్లు ఇచ్చింది. ముప్పైల్లోనే కోటీశ్వరుడు. అదే టైంలో సార్నాఫ్ ఆఫీసులో సెక్రటరీగా పనిచేసే మారియన్ మెకిన్నిస్ మీద మనసు పడ్డాడు. ఆమెని మెప్పించడానికి 1923లో న్యూయార్క్ నడిబొడ్డున ఒక బిల్డింగ్ మీదున్న ఆర్‌సీఏ యాంటెనా టవర్ ఎక్కి, చిట్టచివరి గుండు మీద కూర్చుని ఫోటోలు దిగాడు. సార్నాఫ్ మండిపడి ఆ చుట్టుపక్కలకి రావద్దన్నాడు. మారియన్ మాత్రం పెళ్లికి ఒప్పుకుంది.

ఆ ఏడాది డిసెంబర్ 1న పెళ్లి. పెళ్లికానుకగా ఆయన ఆమెకి నగలు ఇవ్వలేదు, సొంతంగా ఒక రేడియో కట్టి ఇచ్చాడు. హ్యాండిల్ పట్టుకుని మోసుకెళ్లగలిగే సూపర్‌హెటరోడైన్ సెట్. మోసుకెళ్లేలా చేసిన ఆ రకం రేడియోల్లో అదే మొదటిది అంటారు. ఫ్లోరిడాలో పామ్ బీచ్ ఇసుకలో ఆ ఇద్దరూ, పక్కన ఆ పెట్టె ఉన్న ఫోటో ఒకటుంది. పెద్ద సూట్‌కేసంత ఉంటుంది, పైన మైకు సెట్టు హార్న్ లాంటి స్పీకర్. ఆ ఫోటో చూసి నాకు నవ్వొచ్చింది, తర్వాత ఎందుకో నవ్వు ఆగిపోయింది. నీళ్ల పక్కన, ఇంటికి దూరంగా, కరెంటు లేని చోట ఇద్దరు మనుషులు కూర్చుని రేడియో వినడం అనేది ఆ రోజుకి ముందు ఎంతమంది చేసి ఉంటారు? నా లైఫ్ జాకెట్‌కి వేలాడిన రేడియోకి ముత్తాత అక్కడుంది.

ఇక్కడితో కథ ఆపేస్తే బాగుండేది.

రీజెనరేషన్ తనదే అని డి ఫారెస్ట్ కేసు వేశాడు. తన నోట్‌బుక్కులో ముందే ఉందన్నాడు. మొదట్లో కోర్టులు ఆర్మ్‌స్ట్రాంగ్ వైపే తీర్పిచ్చాయి. సంతోషంలో ఆయన తన పేటెంట్ నంబర్ రాసిన జెండా ఒకటి యాంకర్స్ ఇంటి యాంటెనా మీద ఎగరేశాడు. డి ఫారెస్ట్ ఇంటి నుంచి చూస్తే అది కనబడుతుంది. అప్పుడే ఒక అవకాశం వచ్చింది. డి ఫారెస్ట్ దగ్గర డబ్బు లేదు, కోర్టు ఖర్చులు వదిలేస్తే కేసు అక్కడితో ముగిసేది. ఆర్మ్‌స్ట్రాంగ్ వదలనన్నాడు. ఒక్క డాలర్ కూడా వదలనన్నాడు. దాంతో తుది తీర్పు నమోదు కాకుండా ఆగిపోయింది. ఆ సందులో డి ఫారెస్ట్ వేరే దారిలో వెళ్లి గెలుచుకుంటూ వచ్చాడు. చివరికి 1934లో అమెరికా సుప్రీంకోర్టు రీజెనరేషన్ డి ఫారెస్ట్‌దే అని తేల్చేసింది. సర్క్యూట్ అర్థమైన ఇంజనీర్లంతా ఆ తీర్పులో సాంకేతికంగా తప్పుందన్నారు. కానీ సుప్రీంకోర్టు పైన ఇంకో కోర్టు లేదు కదా.

ఇక్కడ చదవడం ఆపేసి కాసేపు ఊరికే కూర్చున్నాను. నేను రెపోలోంచి పేరు తీసేసిన రాత్రి గుర్తొచ్చింది. నా జెండా కూడా అలాంటిదే. వాడికి కనబడాలనే ఎగరేశాను.

ఆ తీర్పు వచ్చిన కొద్దిరోజులకే రేడియో ఇంజనీర్ల సంస్థ సభ జరిగింది. రీజెనరేషన్‌కి గాను ఆ సంస్థ ఆయనకి ఎప్పుడో మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చింది. ఇక అది నాది కాదని తిరిగిచ్చెయ్యడానికి ఆయన ఆ సభకి వెళ్లాడు. ఆ సంస్థ తీసుకోలేదు. మెడల్ ఆయనదే అని మళ్లీ చెప్పింది. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. లాయర్లు తీసేసిన పేరుని తోటి పనివాళ్లు తిరిగి రాసినట్టయింది.

అప్పటికే ఆయన తన జీవితంలో అన్నిటికన్నా పెద్ద పని చేసి ఉన్నాడు. మా టెంట్‌లో వాడడిగిన ప్రశ్నకి జవాబు ఇదే.

ఏఎం రేడియోలో పాటని అల ఎత్తులో దాచి పంపిస్తారు. శబ్దం పెరిగితే అల ఎత్తు పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. మెరుపు కూడా ఒక రేడియో అలే. అది వచ్చి ఈ అల ఎత్తుని పాడుచేస్తుంది. ఏది పాటో ఏది మెరుపో రేడియోకి తెలీదు, రెండూ వినిపిస్తుంది. అదే తాత చెప్పిన టప్ టప్. దీన్ని పోగొట్టాలని ఇరవై ఏళ్లుగా అందరూ ఫిల్టర్లు కడుతున్నారు, కుదరలేదు. ఆర్మ్‌స్ట్రాంగ్ అసలు పాటని ఎత్తులో దాచడమే మానేశాడు. అల ఎత్తు మారదు, దాని ఫ్రీక్వెన్సీ అటూ ఇటూ ఊగుతుంది. పాట ఆ ఊపులో ఉంటుంది. రిసీవర్ ఎత్తులో వచ్చిన మార్పులన్నీ కోసి పారేసి, ఊపు మాత్రమే చదువుతుంది. మెరుపు ఎత్తుని ఎంత పాడుచేసినా కోసేసిన భాగంలోనే పోతుంది.

ఫ్రీక్వెన్సీ మార్చే ఆలోచన అంతకుముందే ఉంది. జాన్ కార్సన్ అనే పెద్ద గణితజ్ఞుడు 1922లో లెక్కలు కట్టి దీనివల్ల లాభం లేదన్నాడు. ఆయన లెక్క ఇరుకు బ్యాండ్‌కి. అందరూ బ్యాండ్ ఇరుకు చేస్తే చప్పుడు తగ్గుతుందనుకుంటుంటే, ఆర్మ్‌స్ట్రాంగ్ వెడల్పు చేశాడు. మీడియం వేవ్ స్టేషన్‌కి పది కిలోహెర్ట్జ్ దాకా చాలు, ఎఫ్ఎం స్టేషన్‌కి 200 కిలోహెర్ట్జ్ ఇస్తారు. 1933 డిసెంబర్ 26న ఆయనకి పేటెంట్లు వచ్చాయి.

మొదట చూపించింది స్నేహితుడు సార్నాఫ్‌కే. సార్నాఫ్ ఏఎం రేడియోకి తగిలించి గరగర పోగొట్టే చిన్న పెట్టె అడిగాడు. ఆర్మ్‌స్ట్రాంగ్ తెచ్చింది పాత రేడియోలన్నీ పక్కన పెట్టించే కొత్త వ్యవస్థ. అయినా ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ పైన ఆర్‌సీఏ ట్రాన్స్‌మిటర్ వాడుకోనిచ్చారు. వంద కిలోమీటర్లకి పైగా దూరంలో బొమ్మ గీసినంత స్పష్టంగా వినిపించింది. 1935లో, టీవీ ప్రయోగాలకి చోటు కావాలి, నీ సామాను తీసేసుకో అన్నారు. ఆ నవంబర్ 5న న్యూయార్క్ ఇంజనీర్ల సభలో ఆయన లోకానికి వినిపించాడు. యాంకర్స్‌లో మిత్రుడి ఇంట్లోంచి ప్రసారం. గ్లాసులోకి నీళ్లు పోసిన చప్పుడు, కాగితం నలిపిన చప్పుడు. రేడియోలో అలాంటి చిన్న చప్పుళ్లు అంతకుముందు ఎవరూ వినలేదు. పాటల మధ్య ఉండే నిశ్శబ్దం కూడా మొదటిసారి వినిపించింది.

కంపెనీలు ముందుకి రాకపోతే తనే వేసుకున్నాడు. హడ్సన్ నది అవతల ఆల్పైన్ అనే చోట సొంత డబ్బుతో 425 అడుగుల టవర్ కట్టాడు. కొలంబియాలో ప్రొఫెసర్‌గా నామమాత్రం జీతానికి పనిచేస్తూ తన సంపాదనంతా ఎఫ్ఎం మీద పెట్టాడు. 1940 నాటికి ఎఫ్ఎం స్టేషన్లు మొదలయ్యాయి. చాలా కంపెనీలు రాయల్టీ కట్టాయి. ఆర్‌సీఏ మాత్రం ఒకేసారి 10 లక్షల డాలర్లు ఇస్తాం, రాయల్టీ కట్టం అంది. అందరికీ ఒకటే రూలు, మీకు వేరే రూలు కుదరదు అని ఆయన కాదన్నాడు. రెండో ప్రపంచ యుద్ధంలో అదే మనిషి తన పేటెంట్లు సైన్యానికి ఉచితంగా ఇచ్చేశాడు. అంటే ఆయనకి డబ్బు పిచ్చి కాదు. ఇంకేదో పిచ్చి.

1945లో ప్రభుత్వం ఎఫ్ఎం బ్యాండ్‌ని 42 నుంచి 50 మెగాహెర్ట్జ్ చోటు నుంచి తీసేసి 88 నుంచి 108కి మార్చింది. ఈ రోజు మన ఫోన్‌లో ఎఫ్ఎం అక్కడే ఉంది. కానీ అప్పటికి జనం కొన్న లక్షల సెట్లు ఒక్కసారిగా పనికిరాకుండా పోయాయి, స్టేషన్లు మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాల్సి వచ్చింది. పైగా ఆర్‌సీఏ తన ఇంజనీర్లే ఎఫ్ఎంని సొంతంగా తయారుచేశారని చెప్పడం మొదలుపెట్టింది. 1948లో ఆయన ఆర్‌సీఏ మీద కేసు వేశాడు. అవతలి లాయర్లు ఏడాది పాటు ఆయన్నే కూర్చోబెట్టి ప్రశ్నలు వేశారు. 1950లో పేటెంట్ల గడువు అయిపోయింది, రాయల్టీలు ఆగిపోయాయి. లాయర్ల ఫీజులు ఆగలేదు.

1953 నవంబర్‌లో థాంక్స్‌గివింగ్ పండగ రోజు ఇంట్లో డబ్బు గురించి, కేసు గురించి గొడవైంది. ముప్పై ఏళ్లు తోడున్న మారియన్ చేతి మీద ఆయన ఇనప కడ్డీతో కొట్టాడు. ఆమె తోబుట్టువు ఇంటికి వెళ్లిపోయింది. దీన్ని దాచాలని నాకు అనిపించింది, గొప్పవాళ్ల జీవితకథల్లో ఇలాంటివి దాచేస్తారు కదా. కానీ దాస్తే మిగతా కథకి అర్థం ఉండదు. పెద్ద అపార్ట్‌మెంట్‌లో ఆయన ఒక్కడే మిగిలాడు. రెండు నెలలు గడిచాయి. 1954 జనవరి 31 రాత్రి భార్యకి క్షమాపణ అడుగుతూ ఉత్తరం రాసి, తన ప్రాణం తనే తీసుకున్నాడు. వయసు 63.

జనవరి 31. నోటరీ ముద్ర వేయించిన రోజు. బెల్మార్‌లో సార్నాఫ్‌తో కలిసి సముద్రాల అవతలి సిగ్నల్స్ విన్న రోజు.

మారియన్ కేసులు వదల్లేదు. ఆ ఏడాది చివర్లో ఆర్‌సీఏ 10 లక్షల డాలర్లకి కాస్త పైన ఇచ్చి రాజీకొచ్చింది. దాదాపు 1940లో ఇస్తానన్నదే. మిగతా కంపెనీల మీద ఆమె ఒక్కో కేసూ గెలుచుకుంటూ వచ్చింది, ఆఖరిది 1967లో ముగిసింది. ఎఫ్ఎం ఎవరిదో అప్పటికి ఎవరికీ సందేహం లేదు. మన దేశంలో ఆకాశవాణి ఎఫ్ఎం మొదలైంది 1977లో మద్రాసులో. ఆల్పైన్ టవర్ ఇప్పటికీ ఉంది. 2001లో న్యూయార్క్‌లో ట్విన్ టవర్స్ కూలి వాటి మీదున్న యాంటెనాలు పోయినప్పుడు కొన్ని టీవీ ఛానెళ్లు ఆ పాత టవర్ మీది నుంచే ప్రసారం చేశాయి.

ఆర్మ్‌స్ట్రాంగ్ చెప్పింది నిజం. మొదటి నుంచి చివరిదాకా ఆయనే కరెక్ట్. ఇది చదివాక వదిలేయడమే మంచిదని నేను అనలేను, ఎందుకంటే ఆయన వదిలేసి ఉంటే ఎఫ్ఎం ఏ అలమారాలోనో ఉండిపోయేది. కానీ కోర్టు ఖర్చుల దగ్గర వదిలేసి ఉంటే? తేడా ఎక్కడుందో నాకు పూర్తిగా తెలీదు. ఎఫ్ఎం కోసం పట్టుబట్టడం, జెండా కోసం పట్టుబట్టడం ఒకటి కాదేమో అని మాత్రం అనిపిస్తోంది.

పోయిన వారం మా ప్రాజెక్టు రెపో తెరిచి వాడి పేరు మళ్లీ పెట్టాను. నా పేరు తర్వాత పెట్టాను. డేటా అంతా సేకరించింది వాడే, అది ఎప్పుడూ నిజమే, నేనే మర్చిపోయినట్టు నటించాను. కోడ్ నేను రాశానని గిట్ హిస్టరీలో ఉంది, దానికి జెండా అక్కర్లేదు. వాడికి మెసేజ్ పెట్టి, టెంట్‌లో అడిగిన ప్రశ్నకి జవాబు కూడా రాశాను. ఎత్తులో దాస్తే మెరుపు వినిపిస్తుంది, ఊపులో దాస్తే వినిపించదు అని. వాడు అర్థం కాలేదన్నాడు. సంక్రాంతి తర్వాత మళ్లీ కోట్‌పల్లి వెళ్దాం, అక్కడ చెప్తాను అన్నాను.

రేడియో ఇంకా నా దగ్గరే ఉంది. తాతకి తిరిగిచ్చేటప్పుడు ఇదంతా చెప్పాలి. మెరుపు వినిపించకుండా చెయ్యడానికి ఒకాయన జీవితమంతా పెట్టాడు తాతా, నువ్వేమో మెరుపు వినడానికే పాత బ్యాండ్ పెట్టుకుంటావు అని. ఏమంటాడో తెలుసు. రెండూ ఉన్న రేడియో కొనుక్కో అంటాడు.